ఎక్స్‌రే గదిలో మనుషులుండరాదు

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. మా ఆయన పోయిన తరవాత, మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్న అక్షరాలివి. ఒత్తులు కొన్ని జారిపోయి ఉంటాయి, దీర్ఘాలు అక్కర్లేని చోట చతికిలబడి ఉంటాయి. చెయ్యి నెమ్మది కూడాను. ఒక పేజీ అయ్యేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటిన రోజులున్నాయి. కథ మాత్రం నాకోసం ఆగదు కనక మొదలుపెడుతున్నాను. ఇది వీరవేణి కథ.

వీరవేణి పూతరేకులు తీస్తుంది. చూడనివాళ్లకు ఆ పని చెప్పాలి. బోర్లించిన కుండ కింద మంట ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగాలి. లాగిన చోటల్లా కాగితం కంటే పల్చటి రేకు లేచి వస్తుంది. విద్యంతా మణికట్టులో ఉంది. మణికట్టు తొట్రుపడితే రేకు చిరుగుతుంది. చిరిగిన రేకు పెళ్లివారు తీసుకోరు, ఇంట్లోవాళ్లు తినాలి. వీరవేణి ఇంట్లో ఆ రేకులు తినే భాగ్యం ఎవరికీ ఎప్పుడూ కలగలేదు.

అలాంటి మనిషి ఒకనాటి పొద్దున్న తాను ఒలకబోసిన జావ మీద తానే కాలేసి, కుడిచెయ్యి కింద పెట్టి పడింది.

"ఠప్పుమంది మావా!" అని కేక పెట్టింది.

మొగుడు అబ్బులు బయట ఆటో తుడుచుకుంటున్నాడు. "ఏంటి, కుండా?"

"కుండైతే ఇంకోటి తెచ్చుకుందుం. చెయ్యి!"

అబ్బులు ఆమెను ఆటోలో వేసుకుని టౌన్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ఎముకల డాక్టరమ్మ రత్నకుమారి చేతిని అటూ ఇటూ చూసి పెదవి విరిచింది.

"విరగడమే కాదు, ఎముక పక్కకి జరిగినట్టుంది. ఎటు జరిగిందో ఎక్స్‌రేలో చూసి లాగి కట్టు కట్టాలి. చూడకుండా లాగినా, ఆలస్యం చేసినా వంకరగా అతుక్కుంటుంది."

"వంకరగా అతుక్కుంటే రేకు తియ్యగలనా అమ్మా?"

"అన్నం కలుపుకోగలవు."

డాక్టరమ్మ చెప్పని మాట వీరవేణికి బాగానే వినబడింది. చెయ్యి కొంగులో పెట్టుకుని ఎక్స్‌రే గది వైపు గబగబా నడిచింది.

ఇక్కడ పరంజ్యోతిగారి సంగతి చెప్పాలి. ఆయన అంతకుముందు ఆసుపత్రిలో దోమల నివారణ చూసేవాడు. ఎక్స్‌రే యంత్రం ఉన్నచోట కిరణాల నుంచి జనాన్ని కాపాడడానికి ఒక రక్షణాధికారి ఉండాలని చట్టం. ఎవరూ ముందుకు రాకపోతే ఆయన్ని శిక్షణకు పంపారు. అక్కడ చెప్పిన నిబంధనలు మంచివే. అవసరం లేకుండా ఎవరి ఒంటి మీదా కిరణాలు పడనివ్వకూడదు. అవసరమైనా, వీలైనంత తక్కువ పడనివ్వాలి. ఫొటో తీసేటప్పుడు పనిలేనివాళ్లు గదిలో ఉండకూడదు, తీసేవాడు సీసం గోడ వెనక నిలబడాలి. ఇవి పెట్టినవాళ్లు బుద్ధిమంతులు. వాళ్లకు పరంజ్యోతిగారు తెలియదు, అంతే.

తిరిగొచ్చిన వారంలోనే ఆయన ఆసుపత్రిలో ఉన్నవాళ్లందరికీ సీసం కోట్లు తొడిగించాడు. గేటు కాడి వాచ్‌మన్ కోటు బరువుకి కూర్చుంటే లేవలేకపోయేవాడు. టీ అమ్మే మనిషి వరండా ఈ చివర బయల్దేరితే ఆ చివరికి చేరేసరికి టీ చల్లారిపోయేది. వంటింట్లో తిరిగే పిల్లికి కూడా చిన్న కోటొకటి కుట్టించారు. ఆ రోజు నుంచి ఎలుకలకు దానంటే భయం పోయింది.

ఒకరోజు పరంజ్యోతిగారికి జ్ఞానోదయమైంది. ఎక్స్‌రే తీసే ఇశ్రాయేలుని పిలిచాడు.

"కిరణములు అందరికంటే ఎక్కువగా ఎవరిపై పడుచున్నవి?"

"రోగి మీదండి."

"సిబ్బందికి సీసపు గోడ, రోగికి కిరణపు దెబ్బ! ఇది ఘోరమైన వివక్ష."

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. ఫొటో తీయు సమయమున గదిలో మానవమాత్రులెవ్వరును ఉండరాదు. రోగి సైతం మానవుడేనని సిబ్బంది గుర్తెరగవలెను.

వీరవేణి వెళ్లింది ఆ ఉత్తర్వు వచ్చాకే.

ఇశ్రాయేలు మర్యాదస్తుడు. "రండమ్మా, ఇలా కూర్చోండి. చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టండి. వేళ్లు చాపండి. ఆఁ, చాలా బాగుంది. కదలకండి. ఇప్పుడు లేచి బయటికెళ్లండి."

"బయటికా?"

"ఆయ్. బయట కూడా చెయ్యి అలాగే ఉంచండి, ఫొటో బాగా వస్తుంది."

వీరవేణి వరండాలో చెయ్యి చాపుకుని నిలబడింది. లోపల యంత్రం గుర్రుమంది. అరగంటలో ఫిల్మూ, దానితోపాటు రిపోర్టూ వచ్చాయి. ఎముక విరిగిన జాడలేవీ కానరాలేదని ఆ రిపోర్టులో ఉంది.

డాక్టరమ్మ ఫిల్మును వెలుగులోకి ఎత్తి చూసింది. తిప్పి చూసింది. తలకిందులు చేసి చూసింది.

"ఇశ్రాయేలూ, ఏంటిది?"

"బల్లండి."

"చెయ్యేది?"

"వరండాలో ఉందండి."

డాక్టరమ్మ ఫిల్ము పట్టుకుని పరంజ్యోతిగారి గదికి విసవిసా నడిచింది. వెనకాలే వీరవేణి, ఆమె వెనకాల అబ్బులు. స్టోర్ కీపర్ కొండలరావు ఏదో సంతకం కోసం అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

పరంజ్యోతిగారు లేచి నమస్కారం పెట్టాడు. "డాక్టరుగారికి శుభవార్త. ఉత్తర్వు అమలులోనికి వచ్చినది మొదలు ఈ ఆసుపత్రియందు ఏ ఒక్క రోగికిని కిరణస్పర్శ కలుగలేదు. పురస్కారమునకు మన పేరు పరిశీలనలో ఉన్నది."

"ఏ ఒక్క రోగికీ ఎముక కూడా కనబళ్లేదండీ!"

"ఎముకలు నా పరిధిలోనికి రావు."

అబ్బులు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, పోనీ మా ఆవిడ బయటే కూచుంటుంది. చెయ్యి ఒక్కటే గుమ్మంలోంచి లోపలికి పెడుతుంది. సరిపోద్దాండి?"

పరంజ్యోతిగారు కళ్లు మూసుకుని ఆలోచించాడు. "చేయి మానవుడగునా కాదా? మోచేతి వరకు అయినచో ఎంత, భుజము వరకు అయినచో ఎంత? ఇది న్యాయసలహాకు పంపదగిన అంశము. పంపెదము."

"జవాబెప్పుడొస్తదండి?"

"దోమ ఆడదా మగదా నిర్ధారించనిదే చంపవచ్చునా అని మునుపొకటి పంపియుంటిని. ఇంకను రాలేదు."

"అప్పటిదాకా చెయ్యి గుమ్మంలో ఆరేసుకు కూచోనా బాబూ?" అంది వీరవేణి. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వేళ్లు వంకాయల్లా ఉబ్బాయి.

అప్పుడు స్టోర్ కీపర్ కొండలరావు నోరు విప్పాడు. ముప్పై ఏళ్లుగా బల్లలూ కుర్చీలూ తప్ప మనుషుల్ని పెద్దగా పట్టించుకోని మనిషి ఆయన. "అయ్యా, గదిలో బల్ల ఉంటోంది. స్టూలు ఉంటోంది. వాటి మీద కిరణాలు పడుతూనే ఉన్నాయి కదండీ?"

"అవి పరికరములు. వాటికి హాని వర్తించదు."

"అయితే ఈవిణ్ణి స్టాకులో ఎక్కించేద్దామండి."

పరంజ్యోతిగారి మొహం మెల్లగా వెలిగింది.

"నా పెళ్లాన్ని సామాను చేస్తారా?" అబ్బులు లుంగీ ఎగ్గట్టాడు.

"ఊరుకో మావా," అంది వీరవేణి. "కాపురానికొచ్చిన కాణ్ణించీ మీ అమ్మ నన్ను సామాను కిందే చూసింది. ఏనాడైనా ఎక్స్‌రే తీయించిందా? ఎక్కించండి బాబూ, తొందరగా ఎక్కించండి."

ఏ పద్దు కింద ఎక్కించాలన్న దాని మీద కాస్త చర్చ జరిగింది. 'ఇతరములు' అని కొండలరావు అన్నాడు. ఆడమనిషిని ఇతరములు అనడం సంస్కారం కాదని పరంజ్యోతిగారు అన్నాడు. చివరికి 'బల్ల ఉపకరణము, ఒకటి' అని రాసుకున్నారు. కొండలరావు తెల్లరంగు డబ్బా తెచ్చి, వీరవేణి ఎడమ మోచేతి మీద గుండ్రటి అక్షరాలతో నంబరు వేశాడు. గిలిగింతలకు ఆమె నవ్వితే, వస్తువులు నవ్వకూడదని కసిరాడు.

ఇక అంతా చకచకా జరిగిపోయింది. ఇశ్రాయేలు ఫొటో తీశాడు. ఎముక ఎటు జరిగిందో అద్దంలోలాగా కనబడింది. డాక్టరమ్మ లాగి సరిచేసి, తెల్లటి కట్టు వేసింది.

"చక్కగా కూర్చుంది. గడువు కాగానే వస్తే కట్టు కోసేస్తాను. ఆ తరవాత రోజూ పని చేయించాలి. కట్టులోనే ఎక్కువ కాలం ఉంటే బిగుసుకుపోతుంది, వంకరకీ దానికీ పెద్ద తేడా ఉండదు. తెలిసిందా?"

"తెలిసిందమ్మా. మీ చేతులు చల్లగుండ!"

అబ్బులు ఆటో స్టార్ట్ చేసి గేటు దాకా తెచ్చాడు. వాచ్‌మన్ సీసం కోటుతో అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

"సామాను ఎక్కడికి తీసుకుపోతున్నావ్?"

"సామానేంటి? మా ఆవిడ."

"మోచేతి మీద నంబరుంది. సర్కారు సొత్తు. పట్టపగలు ఆటోలో వేసుకుపోతున్నావంటే నీకెంత ధైర్యం!"

"ఓరి నీ దుంప తెగ! పెళ్లి ఫొటో చూపించమంటావా?"

"అందులో నంబరుందా?"

వెనక్కి వెళ్లక తప్పలేదు. పరికరం బయటికి పోవాలంటే అది పనికిరాదని కమిటీ తేల్చాలని కొండలరావు చెప్పాడు. మర్నాడు కమిటీ కూర్చుంది. కమిటీ అంటే పరంజ్యోతిగారూ, కొండలరావూ. వీరవేణిని నిలబెట్టారు, కూర్చోబెట్టారు, వంగమన్నారు, చుట్టూ తిరిగి చూశారు.

"నేను దేనికీ పనికిరాను బాబూ, మా అత్తనడగండి," అని ఆమె బతిమాలింది.

పరంజ్యోతిగారు తల అడ్డంగా ఊపాడు. "వస్తువు దృఢముగా ఉన్నది. పైపెచ్చు ఇటీవలనే బాగుచేయబడినది. బాగుచేసిన వస్తువును పారవేసినచో ప్రజాధనము వృథా చేసినవారమగుదుము."

అలా వీరవేణి ఎక్స్‌రే గదిలో బల్ల పక్కన ఉండిపోయింది.

ఆమెకు ఫొటో వచ్చిందని మిగతా రోగులకు తెలిసింది. అప్పుడు చూడాలి! విరిగిన కాళ్లూ, దగ్గే గుండెలూ అన్నీ స్టోరు ముందు బారులు తీరాయి. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన తనను స్టూలుగా రాస్తే ఒప్పుకోనని, బీరువాగా రాయాల్సిందేనని పట్టుబట్టాడు. కవల పిల్లల్ని 'బెంచీ, జత' అని రాశారు. ఒక కొత్త పెళ్లికొడుకుని మంచంగా రాస్తే అతని బావమరుదులు వారం రోజులు నవ్వారు. నెల తిరిగేసరికి ఆసుపత్రిలో రోగి అన్నవాడు లేడు, సామాను మాత్రం కిటకిటలాడుతోంది. కిరణాల లెక్క సున్నా, ఆస్తుల లెక్క ఆకాశంలో. పైవాళ్లు రెండింటికీ మెచ్చుకోలు పంపారు.

ఒక్కటే చిక్కు, సామానుకి అన్నం పెట్టే పద్దు లేదు. పొద్దున్నే ఈకల చీపురుతో దులిపి వెళ్లేవారు. స్టూళ్లను చూడడానికి బంధువులెవరూ రాకూడదు కనక, అబ్బులు ఫర్నిచర్ పాలిష్ చేసేవాడినని చెప్పి లోపలికి వచ్చేవాడు. ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో గుడ్డ.

"ఎలాగున్నావే?" అంటూ ఆమె నుదురు తుడిచేవాడు.

"కట్టు లోపల దురద మావా. వేళ్లు చెప్పిన మాట వినట్లేదు."

నవ్వులాటల నడుమ వీరవేణికి పట్టుకున్న దిగులు అదొక్కటే. గడువు వచ్చింది. డాక్టరమ్మ కట్టు కోసే రంపం తెచ్చింది. వెనకే పరంజ్యోతిగారు పరుగెత్తుకొచ్చాడు.

"ఆగవలెను! ఆ తెల్లని తొడుగు పరికరములో అంతర్భాగముగా నమోదైనది. విడదీసినచో ప్రభుత్వ ఆస్తి ధ్వంసమగును."

"ఇంకా ఉంచితే చెయ్యి కొయ్యబారిపోతుందండీ!"

"కొయ్య పరికరములు మనవద్ద చాలా ఉన్నవి. ఇబ్బంది లేదు."

ఆ రాత్రి వీరవేణి కట్టులోంచి బయటికున్న వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే వంచి చూసుకుంది. అవి తనవి కానట్టు, చలికి బిర్రబిగిసిన చింతకాయల్లా ఉన్నాయి.

అంతలో పురస్కారం ఇవ్వడానికి పెద్ద ఆఫీసరు వస్తున్నాడన్న కబురొచ్చింది. ఆయన కోసం వరండా అంతా సబ్బునీళ్లతో కడిగారు. ఆయన దండ వేయించుకుని, రెండడుగులు వేసి, మూడో అడుగు గాలిలో వేశాడు.

"అమ్మా! చీలమండ!"

"ఎక్స్‌రే తియ్యాలి," అంది డాక్టరమ్మ.

"తీయండి, ఎదురు చూస్తారేం?" ఆఫీసరు అరిచాడు.

పరంజ్యోతిగారికి ఆనందం పట్టలేదు. తన పద్ధతి అంతటివాడి మీద అమలవుతోంది మరి. "అయ్యగారిని స్టూలు అనలేము. హోదాకు తగినది కావలెను." కొండలరావు ఆలోచించి 'చేతులు గల తిరుగుడు కుర్చీ' అని రాసి, మోచేతికి నంబరు వేశాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది, కట్టు పడింది. పురస్కారం పరంజ్యోతిగారి చేతిలో పెట్టి, ఆఫీసరు కారెక్కాడు. గేటు కాడ వాచ్‌మన్ కారు ఆపాడు.

ఆఫీసరు చిందులు తొక్కాడు, ఒంటికాలితోనే. "కాగితం తే! నన్ను వదలమని నేనే ఉత్తర్వు రాస్తాను!" రాసి సంతకం గిలికాడు.

పరంజ్యోతిగారు కాగితం కళ్లకద్దుకుని తిరిగి ఇచ్చేశాడు. ఆయన కళ్లలో నీళ్లు. "క్షమించవలెను. వస్తువు చేసిన సంతకము చెల్లదు."

ఆఫీసరును తెచ్చి వీరవేణి పక్కన కూర్చోబెట్టారు. ఆమె మోచేతి మీది నంబరు చూసి ఆయన అడిగాడు.

"నువ్వేమిటమ్మా?"

"బల్ల ఉపకరణమండి. తమరు?"

"తిరుగుడు కుర్చీ."

"పెద్ద హోదాయేనండి."

ఆయన తల పట్టుకున్నాడు. వీరవేణి మాత్రం ఆలోచిస్తోంది. ఆమెకు ఇక ఆగే వీలు లేదు. పొద్దున్న ఈకల చీపురుతో కొండలరావు రాగానే అడిగింది.

"బాబూ, మాయింట్లో మిక్సీ పాడైతే పారెయ్యం, బాగుచేసేవాడికి ఇస్తాం. తమరి స్టోరులో ఆ పద్ధతి లేదాండి?"

"ఎందుకు లేదు? మరమ్మతుకు బయటికి పంపుతాం. వెనక్కి తెస్తానని రసీదు రాయాలి, అంతే. కాని పాడైనట్టు ఎవరో చెప్పాలిగా?"

డాక్టరమ్మ అప్పటికప్పుడు రాసిచ్చింది. వస్తువు వేళ్లు పట్టేసినవి, తక్షణ మరమ్మతు అవసరము. అబ్బులు పాలిష్ గుడ్డ భుజాన వేసుకుని ముందుకొచ్చాడు.

"నీకు అనుభవముందా?" అని కొండలరావు అడిగాడు.

"పాతికేళ్ల నుంచీ ఈ సామానుతోనే వేగుతున్నానండి."

రసీదు మీద సంతకమైంది. లోపల్నుంచి పెద్ద ఆఫీసరు కేక వేశాడు. "నాక్కూడా రాయండమ్మా! నాకూ అన్నీ పట్టేశాయి!"

ఆ మధ్యాహ్నం గేటు దాటిన ఆటోలో బల్ల ఉపకరణం ఒకటీ, తిరుగుడు కుర్చీ ఒకటీ ఉన్నాయి. వాచ్‌మన్ నంబర్లు సరిచూసుకుని సలాము కొట్టాడు. రోడ్డు మలుపు తిరగ్గానే, వెనకే స్కూటరు మీద వచ్చిన డాక్టరమ్మ ఆటోలోనే వీరవేణి కట్టు కోసేసింది. చెయ్యి పాలిపోయి, సన్నబడి బయటపడింది. వీరవేణి దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుంది.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. మొదటి రేకు ముక్కలైంది. రెండోది కుండకే అంటుకుపోయింది. మణికట్టు మధ్యలో ఆగిపోతోంది, గుడ్డ వణుకుతోంది. రోజంతా తీసినా ఒక్క రేకు నిలవలేదు. వెనక్కి తెస్తానన్న రసీదు అబ్బులు పేరున ఉంది కనక అక్కడే ఆగిపోయి, పాకలో మంచం మీద కాలు చాపుకున్న ఆఫీసరు చిరిగిన రేకులన్నీ బెల్లంతో తింటూ, "ఇంత రుచైన నష్టం నేనెక్కడా చూళ్లేదు," అన్నాడు. వీరవేణి నవ్వలేదు. పొద్దున్నా సాయంత్రం వేణ్ణీళ్లలో చెయ్యి పెట్టి తిప్పింది. మళ్లీ కుండ దగ్గర కూర్చుంది. మళ్లీ చిరిగింది. ఇంకో వారం గడిచింది. చిరుగు అంచుకి జరిగింది.

ఆ రోజు చెయ్యి తేలిగ్గా అనిపించింది. అబ్బులు కిరాయికి వెళ్లాడు. కుండ సరిగ్గా కాగింది. గుడ్డ జావలో ముంచేంతలో గుమ్మంలో సీసం కోటు కనబడింది.

"స్టాకు తనిఖీ," అన్నాడు పరంజ్యోతిగారు. లోపలికొచ్చి మంచం మీది ఆఫీసరు నంబరు చూశాడు, వీరవేణి నంబరు చూశాడు. తరవాత ఆయన చూపు పొయ్యి మీద పడింది. "దానినుండి వెలువడునది ఏమి?"

"వేడండి."

"వేడి యనగా కిరణమే! శిక్షణలో చెప్పియున్నారు." ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. గొంతు పెంచాడు. "ఈ పొయ్యి పనిచేయు సమయమున ఈ పాకలో మానవమాత్రులెవ్వరును ఉండరాదు! తక్షణమే ఆర్పవలెను!"

కాగిన కుండ ఆరిపోతే ఇక ఈ పూటకు పని లేదు. వీరవేణి గుడ్డ పట్టుకునే తలెత్తి చూసింది.

"మనుషులెవరున్నారు బాబూ ఇక్కడ? నేను బల్ల ఉపకరణం. ఆయన కుర్చీ. ఇది కుండ, అది పొయ్యి. మొత్తం పాకలో మనిషంటూ ఉంటే తమరొక్కరే."

పరంజ్యోతిగారు చుట్టూ చూశాడు. ఆఫీసరు కుర్చీకి ఉండాల్సిన గాంభీర్యంతో కదలకుండా ఉన్నాడు. పరంజ్యోతిగారి మొహం పాలిపోయింది.

"బయటికి నడవండి బాబూ. నిబంధన కదా!"

ఆయన గుమ్మం దాటాడు.

"ఇంకా అవతలికండి. గాలి అటే తోలుతోంది."

వాకిలి దాటాడు. వీధి దాటాడు. సీసం కోటు ఎగిరెగిరి పడుతుండగా కాలవగట్టు ఎక్కి, అవతల వైపు దిగిపోయాడు.

వీరవేణి గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగింది. రేకు లేచింది. రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది. ఏ అంచూ చిరగలేదు.

"ఏదీ, ఇలా ఇవ్వు," అని చెయ్యి చాపాడు ఆఫీసరు.

"ఇది అమ్మకానికండి," అంది వీరవేణి.

మట్టపర్తి సుభద్రమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది ధవళేశ్వరంలో, కూతురింట్లో.